‘కామ్ డౌన్’ కుర్రాడి ముఖాన రాజమాత

అతని పేరు మీకు తెలియకపోవచ్చు. పాట మాత్రం వినే ఉంటారు.

రెండు మూడేళ్ల కిందట ఏ రీల్ తెరిచినా అదే పాట. హల్దీ వీడియోకి అదే, కాలేజీ ఫ్రెషర్స్ డేకి అదే, ఆఖరికి మా ఆఫీస్ క్యాబ్ డ్రైవరన్న రింగ్‌టోన్ కూడా అదే. ‘కామ్ డౌన్’. అది సెలీనా గోమెజ్ పాట అని చాలాకాలం అనుకున్నా. మధ్యలో ఓ మగ గొంతు వినిపిస్తుంది కదా... మెత్తగా, కాస్త ముక్కుతో పలుకుతూ, మాట చివర్లు సాగదీస్తూ. ఎవరో తోడు పాడారులే అని వదిలేశా. తీరా ఒకరోజు తీరిగ్గా చూస్తే తెలిసింది, పాట అతనిదేనట. తోడు పాడటానికి వచ్చింది ఆమె!

ఆ కుర్రాడి పేరు రెమా. అసలు పేరు డివైన్ ఇకుబోర్. నైజీరియాలోని బెనిన్ సిటీలో 2000 మే 1న పుట్టాడు. అంటే నాకన్నా చిన్నోడు. నేను క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం ఆప్టిట్యూడ్ పుస్తకాలు ముందేసుకుని కూర్చున్న రోజుల్లోనే అతని పాట బరాక్ ఒబామా ప్లేలిస్టులో ఉంది. ఈ లెక్క గుర్తొచ్చినప్పుడల్లా నాకు కాస్త ఇదిగానే ఉంటుంది, ఏం చేస్తాం!

అయితే ఇదంతా రాయాలనిపించింది ఆ పాట కోసం కాదు. ఆ పాట అతన్ని ప్రపంచంలో అందరి నోళ్లలో నానేలా చేశాక, లండన్‌లో తన జీవితంలోనే పెద్ద కచేరీకి అతను ఎలా వచ్చాడో చూశాక రాయాలనిపించింది. గుర్రం బొమ్మ ఎక్కి వచ్చాడు. ముఖానికి ముసుగు పెట్టుకుని వచ్చాడు. ఆ ముసుగు వెనక అయిదొందల ఏళ్ల కథ ఉంది. ముందు కుర్రాడి సంగతి చెప్పి అక్కడికొస్తాను.

నాన్న లేని ఇల్లు

ముందుగా ఓ చిన్న తికమక తీర్చేయాలి. బెనిన్ అనగానే మ్యాప్‌లో నైజీరియా పక్కన ఉన్న చిన్న దేశం కనిపిస్తుంది. రెమా ఊరు అది కాదు. ఆ దేశం పేరు 1975 దాకా దహోమే. బెనిన్ అని తర్వాత పెట్టుకున్నారు. అసలు బెనిన్ రాజ్యం ఉండింది ఇప్పటి నైజీరియాలో. దాని రాజధానే బెనిన్ సిటీ. లాగోస్ నుంచి తూర్పుగా దాదాపు 300 కిలోమీటర్లు, మనకు హైదరాబాద్ నుంచి విజయవాడ కంటే కాస్త ఎక్కువ దూరం అనుకోండి. అక్కడివాళ్లు ఎడో ప్రజలు, వాళ్ల భాషా ఎడోనే. రాజుని ‘ఓబా’ అంటారు. ఇప్పటికీ ఓబా ఉన్నాడు, రాజభవనం ఉంది. పాలించే అధికారం లేదు గానీ మర్యాద మాత్రం ఏమీ తగ్గలేదు.

రెమా నాన్న ఆ ఊళ్లో రాజకీయాల్లో తిరిగిన మనిషి. 2008లో చనిపోయాడు. పిల్లాడికి అప్పుడు ఎనిమిదేళ్లు. కొన్నాళ్లకు అన్న కూడా పోయాడు. ఇంట్లో మగదిక్కు తనే అయ్యాడు. ఇంటర్వ్యూల్లో ఈ సంగతి అడిగితే ఎక్కువ మాట్లాడడు. చెప్పినప్పుడు కూడా కన్నీళ్ల కథలా చెప్పడు. అమ్మనీ ఇంటినీ చూసుకోవాలి కాబట్టి త్వరగా పెద్దవాణ్ని అయ్యానన్నట్టు చెబుతాడు, అంతే. మన దగ్గర ఇంటర్‌లోనే నాన్న పోయి, చదువు మధ్యలో ఆపి మెడికల్ షాపులో చేరిన క్లాస్‌మేట్లు మనలో చాలామందికి ఉంటారు. వాళ్ల మాటల్లో ఒక పొడితనం ఉంటుంది చూడండి, అలాంటిదే ఇది.

పాట నేర్చుకున్నది చర్చిలో. అక్కడ కుర్రాళ్ల బృందంలో ఆల్ఫా పి అనే దోస్తుతో కలిసి ర్యాప్ చేసేవాడు. చర్చిలో ర్యాపేంటి అని మనకు వింతగా ఉంటుంది గానీ నైజీరియాలో అది మామూలే. అక్కడి పాటగాళ్లలో సగం మందికి చర్చే తొలి స్టేజీ. మైకు దొరికేది అక్కడే, కీబోర్డు దొరికేది అక్కడే, తప్పు పాడినా చప్పట్లు కొట్టే జనం దొరికేది కూడా అక్కడే.

ఒక్క వీడియో

2018లో డి'ప్రిన్స్ అనే లాగోస్ గాయకుడి పాట ఒకటి వచ్చింది. దాని ట్యూన్ మీద రెమా తన సొంత మాటలు కట్టి పాడి, ఆ వీడియోని ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. ఇలా పెట్టేవాళ్లు రోజుకి వేలమంది ఉంటారు. కానీ ఈ వీడియో తిరిగి తిరిగి డి'ప్రిన్స్ కంట్లోనే పడింది. అతను రెమాని లాగోస్‌కి పిలిపించాడు. డి'ప్రిన్స్ ఎవరో కాదు, నైజీరియా సంగీత పరిశ్రమలో పెద్ద చెయ్యి అయిన డాన్ జాజీకి సొంత తమ్ముడు. అన్నది మేవిన్ రికార్డ్స్, తమ్ముడిది దాని కింద జాంజింగ్ వరల్డ్. రెమా రెంటికీ కలిపి సంతకం పెట్టాడు.

మేవిన్ పద్ధతి నాకు నచ్చుతుంది. కొత్తవాళ్లను తీసుకోగానే జనం మీదికి వదలరు. కొన్ని నెలలు, ఒక్కోసారి ఏడాదికి పైగా, లోపలే కూర్చోబెట్టి పాడిస్తారు, రాయిస్తారు, మాట్లాడటం నేర్పిస్తారు. మా ఐటీ భాషలో చెప్పాలంటే ప్రాజెక్టులో వేసే ముందు గట్టి ట్రైనింగ్ అన్నమాట. తేడా ఏమిటంటే మా ట్రైనింగ్ అయ్యాక బెంచ్ మీద కూర్చోబెడతారు, వాళ్లు 2019 మార్చిలో రెమా పేరుతోనే నాలుగు పాటల చిన్న ఆల్బమ్ వదిలారు.

అందులోని ‘డుమెబి’ నైజీరియా వీధుల్ని ఊపేసింది. ‘ఐరన్ మ్యాన్’ అనే మరో పాటను ఆ వేసవిలో ఒబామా తన ఇష్టమైన పాటల జాబితాలో పెట్టాడు. కుర్రాడికి అప్పటికి 19 ఏళ్లు. అదే ఏడాది హెడీస్ అవార్డుల్లో కొత్త ఆశాకిరణానికి ఇచ్చే బహుమతీ అతనికే వచ్చింది. నైజీరియాలో ఆ బహుమతి వచ్చిందంటే ఇక నీ మీద అందరి కళ్లూ పడ్డట్టే.

ఈ పాటల్లో ఏముంది?

అఫ్రోబీట్స్ అనే మాటని చివర ‘స్’ పెట్టి పలకాలి. అది లేకపోతే వేరే సంగతి అయిపోతుంది. 1970ల్లో లాగోస్‌లో ఫెలా కుటీ, అతని డ్రమ్మర్ టోనీ అలెన్ కలిసి పెంచినది అఫ్రోబీట్. ఒక్కో పాట పావుగంట, ఇరవై నిమిషాలు సాగుతుంది. నిండా ట్రంపెట్లు, శాక్సోఫోన్లు, పైగా మిలిటరీ ప్రభుత్వాన్ని ఉతికి ఆరేసే మాటలు. ఇప్పటి అఫ్రోబీట్స్ దానికి మనవడి వరస. లాప్‌టాప్‌లో కట్టిన మూడు నిమిషాల డాన్స్ పాట. అమెరికా హిప్‌హాప్, జమైకా డాన్స్‌హాల్, ఘనా హైలైఫ్ అన్నీ కలిసి ఉంటాయి. దరువు మాత్రం అక్కడిదే. దెబ్బ మనం అనుకున్న చోట పడదు, ఓ అరక్షణం ముందో వెనకో పడుతుంది. అందుకే తల కాకుండా నడుం ముందు కదులుతుంది.

రెమా దీనిమీద ఇంకో పొర వేశాడు. 2021లో తన తీరుకి ‘అఫ్రోరేవ్’ అని పేరు పెట్టుకున్నాడు. అందులో అరబ్, ఇండియన్ సంగీతం ఛాయలు ఉన్నాయని తనే చెప్పాడు. వినేటప్పుడు మనవాళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. ఒక అక్షరం మీద గొంతు నిలబడకుండా జారుతుంది, వణుకుతుంది. సంగీతం నేర్చుకున్నవాళ్లు గమకం అంటారేమో, నాకంత జ్ఞానం లేదు. కానీ ‘కామ్ డౌన్’ ఆంగ్లదేశాలకంటే ముందు మన దగ్గర మోగడానికి అదీ ఒక కారణమని నా అనుమానం. చెవికి కొత్తగా ఉంది, పరాయిగా లేదు.

మాటలు నైజీరియన్ పిడ్జిన్. ఇంగ్లిష్ ముక్కలే, వ్యాకరణం మాత్రం వాళ్లది. దేశంలో వందల భాషలు ఉన్నాయి కదా, బజారులో అందరికీ అర్థమయ్యేది ఇదే. మన హైదరాబాద్ దక్కనీకి లక్నో ఉర్దూకి ఎంత తేడానో, దీనికీ లండన్ ఇంగ్లిష్‌కీ అంత తేడా. అందుకే సగం అర్థం కాదు. అర్థం కాకపోయినా పాడేస్తాం.

తొమ్మిది నెలల మెట్లు

‘కామ్ డౌన్’ 2022 ఫిబ్రవరిలో వచ్చింది. ఒక పార్టీలో చూసిన అమ్మాయి, చుట్టూ స్నేహితురాళ్లు, దగ్గరికి రానివ్వని బెట్టు... తనకి జరిగిందే పాటగా కట్టానని రెమా చెప్పాడు. కొత్త విషయమేం కాదు. మన సినిమాల్లో ఇంటర్వెల్‌కి ముందు వచ్చే పాటల్లో సగం ఇదే. పాట తొందరపడదు. నిమిషానికి 107 దెబ్బల చొప్పున, నడిచే మనిషి అడుగులా సాగుతుంది. మార్చిలో ‘రేవ్ అండ్ రోజెస్’ ఆల్బమ్ వచ్చింది. ఆగస్టు 25న సెలీనా గోమెజ్ గొంతు కలిపిన రీమిక్స్ వచ్చింది.

ఆ తర్వాత జరిగింది మామూలుగా జరిగేది కాదు. పెద్ద పాటలు మొదటి వారంలోనే పైకెళ్లి, రెండో నెలకి జారిపోతాయి. ఇది అలా కాదు. అమెరికాలో బిల్‌బోర్డ్ హాట్ 100 లిస్టులో మెట్టు మెట్టూ ఎక్కుతూ 2023 జూన్‌కి గానీ 3వ స్థానానికి రాలేదు. దగ్గర దగ్గర తొమ్మిది నెలలు! బిల్‌బోర్డ్ వాళ్ల అఫ్రోబీట్స్ లిస్టులో అయితే 58 వారాలు మొదటి స్థానం వదల్లేదు. 2023 సెప్టెంబర్‌లో స్పాటిఫైలో వంద కోట్ల స్ట్రీములు దాటింది. ఒక ఆఫ్రికా కళాకారుడి పాట ఆ గీత దాటడం అదే మొదటిసారి. అదే నెలలో ఎంటీవీ వీడియో అవార్డుల్లో అఫ్రోబీట్స్ బహుమతి వచ్చింది. మరుసటి నెల పారిస్‌లో బాలన్ డోర్ వేడుకలో, మెస్సీ ఎనిమిదోసారి బహుమతి అందుకున్న రాత్రి, పాడింది రెమానే. మధ్యలో 2023 మేలో ఇండియాకి వచ్చి కచేరీలు కూడా చేసి వెళ్లాడు.

ఇక్కడితో ఆగితే ఇది మామూలు సక్సెస్ స్టోరీ. పేద ఇల్లు, ఒక్క వీడియో, వంద కోట్ల వినికిడి. ప్రపంచానికి కావలసిన రెమా కూడా అతనే. నవ్వుతూ, మెత్తగా, అమ్మాయిని బతిమాలే కుర్రాడు. ఆ రెమాని అలాగే నడిపించుకుంటే ఇంకో పదేళ్లు హాయిగా గడిచిపోయేది.

గుర్రం, ముసుగు

2023 నవంబర్ 14. లండన్ ఓటూ అరీనా, ఇరవై వేలమంది పట్టే హాలు. ఆఫ్రికా కళాకారులకి అది ఒక పరీక్ష. అక్కడ టికెట్లన్నీ అమ్ముడుపోయాయంటే నిలదొక్కుకున్నట్టు లెక్క.

రెమా నిలువెత్తు గుర్రం బొమ్మ మీద కూర్చుని వేదిక మీదకి వచ్చాడు. ముఖం కనపడలేదు. ముసుగు ఉంది. ఓ స్త్రీ ముఖం. సగం మూసిన కనురెప్పలు, బిగించిన పెదవులు, ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదన్నట్టు ఒక నిబ్బరం.

హాల్లో ఉన్న ఎడో పిల్లలకి ఆ ముఖం ఎవరిదో చెప్పాల్సిన పని లేదు. ఆమె ఇడియా. పదహారో శతాబ్దం మొదట్లో బెనిన్‌ని ఏలిన ఓబా ఎసిగియెకి తల్లి. కొడుక్కి సింహాసనం కోసం దాయాదితో యుద్ధం వచ్చినప్పుడు వెనక నిలబడి గెలిపించిన మనిషి అని అక్కడి కథలు చెబుతాయి. ఆ కృతజ్ఞతతో కొడుకు ఆమె కోసం ‘ఇయోబా’ అనే పదవిని ఏర్పాటు చేశాడు. రాజమాత అని అర్థం. ఆమె రూపాన్ని ఏనుగు దంతంలో చెక్కించారు. జానెడు కంటే కాస్త పెద్దది. కిరీటం అంచున వరసగా చిన్న చిన్న గడ్డాల తలలు ఉంటాయి. అవి అప్పుడే ఓడల్లో వచ్చి బెనిన్‌తో వ్యాపారం చేస్తున్న పోర్చుగీసు వాళ్లవి. వాస్కోడగామా మన కాలికట్ రేవులో దిగిన రోజులకి అటూ ఇటూగా అన్నమాట. వేడుకల్లో ఓబా దీన్ని ఒంటిమీద ధరించేవాడు.

అది ఇప్పుడు బెనిన్‌లో లేదు. బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దానికి జోడీ న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది.

ఎలా వెళ్లిందంటే... 1897 జనవరిలో ఓ బ్రిటిష్ అధికారి బృందం, పండగ రోజులు, ఇప్పుడు రావద్దు అని కబురు వచ్చినా వినకుండా బెనిన్‌కి బయలుదేరింది. దారిలో దాడి జరిగి చాలామంది చనిపోయారు. మరుసటి నెలలోనే దాదాపు 1,200 మంది సైన్యంతో బ్రిటిష్ వాళ్లు ఊరి మీద పడ్డారు. ఊరు కాలిపోయింది. రాజభవనంలోని ఇత్తడి ఫలకాలు, తలలు, దంతపు బొమ్మలు వేలకొద్దీ ఎత్తుకెళ్లారు. దండయాత్ర ఖర్చు రాబట్టుకోవడానికి వాటిలో చాలా వాటిని అమ్మేశారు కూడా. ఓబా ఓవోన్‌రామ్వెన్‌ని క్యాలబార్‌కి పంపేశారు. 1914లో అక్కడే చనిపోయాడు. ఇడియా ముఖం చేతులు మారి 1910లో బ్రిటిష్ మ్యూజియంకి చేరింది.

1977లో లాగోస్‌లో ఫెస్టాక్ అని ప్రపంచంలోని నల్లజాతి కళాకారులందరికీ పెద్ద పండగ చేశారు. దాని గుర్తుగా ఇడియా ముఖాన్నే పెట్టుకున్నారు. ఆ కొన్ని రోజులకైనా అసలు బొమ్మని అప్పుగా ఇవ్వమని నైజీరియా అడిగింది. చాలా సున్నితమైన వస్తువు, పాడవుతుందని చెప్పి మ్యూజియం ఇవ్వలేదు. మన ఇంట్లోంచి పోయిన వస్తువుని మనమే అప్పు అడగడం, వాళ్లు జాగ్రత్త పేరు చెప్పి కాదనడం! చివరికి బెనిన్ శిల్పులే ఒక నకలు చెక్కి ఇచ్చారు.

ఈ ముక్క రాస్తున్నప్పుడు నాకు మన అమరావతి గుర్తొచ్చింది. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన స్తూప ఫలకాలు ముందు మద్రాసు వెళ్లాయి, అక్కణ్నుంచి 1859లో లండన్ చేరాయి. ఇప్పుడు అదే బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల గదిలో ఉన్నాయి. ఊరు తగలబెట్టి తెచ్చినవి కావు, ఆ తేడా ఉంది. కానీ లండన్‌లో పనిచేస్తున్న మా పాత టీమ్‌మేట్ ఒకడు వాటి ముందు సెల్ఫీ దిగి పంపాడు. వాడిది గుంటూరే. అమరావతికి మాత్రం ఇంతవరకూ వెళ్లలేదట.

ఓటూ అరీనా నుంచి బ్రిటిష్ మ్యూజియం పది కిలోమీటర్ల లోపే. ఆ రాత్రి అసలు ముఖం అక్కడ అద్దం వెనక ఉంది, నకలు ఇక్కడ ఓ 23 ఏళ్ల కుర్రాడి ముఖం మీద ఉంది. దీన్ని నిరసన అని నేను పేరు పెట్టను. తన ఊరి చరిత్రని వేదిక మీదకి తెచ్చానని మాత్రమే రెమా తర్వాత వివరించాడు. కానీ కెరీర్‌లో అంత పెద్ద రాత్రి, టికెట్ కొన్న ప్రతివాడూ ఎదురుచూస్తున్న తన ముఖాన్ని తనే దాచుకుని, ఆ ఊళ్లోనే ఉండిపోయిన తమ రాజమాత ముఖం తొడుక్కుని వచ్చాడు చూశారా... అది ఊరికే కాస్ట్యూమ్ డిజైనర్ ఆలోచన అని నాకు అనిపించలేదు.

ఇంట్లోవాళ్ల తిట్లు

లండన్ చప్పట్లు కొట్టింది. తిట్లు పడింది సొంత దేశంలో.

నైజీరియా దక్షిణాన క్రైస్తవం బలంగా ఉంటుంది. ముసుగు, గుర్రం, వేదిక చుట్టూ గబ్బిలాల రూపాలు చూసి సోషల్ మీడియాలో ఒకటే గోల. ఇది సైతాను పూజ అన్నారు, రహస్య సంఘంలో చేరాడన్నారు, డబ్బు కోసం ఆత్మని అమ్ముకున్నాడన్నారు. ముసుగు ఎవరిదో తెలియని వాళ్లు కొందరు. తెలిసినా, పాతకాలపు దేవతల వాసన తగిలితే చాలు భయపడేవాళ్లు ఇంకొందరు. ముఖాన్ని ఎత్తుకెళ్లింది బయటివాళ్లు. దాన్ని చూస్తేనే దెయ్యం అనే భయం మాత్రం ఇంట్లోనే పెరిగింది. నూట పాతికేళ్లలో ఏది పెద్ద నష్టమో చెప్పడం కష్టం.

గబ్బిలాల సంగతి ఇంకా సింపుల్. బెనిన్ సిటీ నడిబొడ్డున రింగ్ రోడ్ అనే పెద్ద కూడలి ఉంది. రాజభవనం, మ్యూజియం, మార్కెట్ అన్నీ దాని చుట్టూనే. అక్కడి చెట్ల మీద పండ్లు తినే గబ్బిలాలు గుంపులుగా ఉంటాయి. సాయంత్రమైతే ఆకాశం నల్లగా అయ్యేలా లేస్తాయి. ఆ ఊళ్లో పెరిగిన ఏ పిల్లాడికైనా అవి చిన్ననాటి గుర్తు. రెమా కూడా అదే చెప్పుకున్నాడు. మనవాడు ఎవడైనా చార్మినార్ పావురాల్ని పోస్టర్ మీద వేసుకుంటే మనం అడుగుతామా, ఇదేం క్షుద్రపూజరా అని?

డిసెంబర్ అంటే నైజీరియాలో కచేరీల సీజన్. గాయకులు ఏడాది సంపాదనలో పెద్ద ముక్క ఆ నెలలోనే చేసుకుంటారు. రెమా ఆ డిసెంబర్‌లో పాడనని ప్రకటించాడు. రెండేళ్లుగా ఊరూరా తిరుగుతూ ఆరోగ్యాన్ని పట్టించుకోలేదు, ఇక ఆగాలి అన్నాడు. తిట్లకీ దీనికీ సంబంధం ఉందో లేదో ఊహించి రాయడం నాకు ఇష్టం లేదు. ఒంట్లో బాగోకపోతే లీవు పెట్టడానికి కూడా భయపడే ఉద్యోగంలో ఉన్నవాణ్ని కాబట్టి, ఆ నిర్ణయం నాకు నచ్చింది, అంతే.

ఏడాది తర్వాత, 2024 చివర్లో, బెనిన్ సిటీలో తను పెరిగిన చర్చికి వెళ్లి 10.5 కోట్ల నైరాలు ఇచ్చాడు. మన రూపాయల్లో దాదాపు అరకోటి. నాన్న పోయాక తమ ఇంటికి అండగా నిలిచింది ఆ చర్చేనని చెప్పాడు. సైతాను పూజ అన్నవాళ్లు అప్పుడేమన్నారో వెతకబోయి, మానేశా.

ఒకే వారం, ఇద్దరు రెమాలు

2024 జూలై రెండో వారం. ముంబైలో అనంత్ అంబానీ పెళ్లి. టీవీల్లో మనమంతా చూశాం కదా, ఎవరు ఏ నగ పెట్టుకున్నారో కూడా గుర్తుంది. ఆ పెళ్లికి రెమా వచ్చి పాడాడు. పాడింది ఏ పాటో చెప్పక్కర్లేదు. ఎంత ఇచ్చారనే దాని మీద రకరకాల అంకెలు తిరిగాయి, వాటి జోలికి నేను పోను.

సరిగ్గా అదే వారంలో అతని రెండో ఆల్బమ్ ‘హేస్’ వచ్చింది. గ్రీకులో ‘ఒకటి’ అని అర్థమట. 11 పాటలు, మొత్తం కలిపి అరగంట కూడా లేదు. పెళ్లి పాట విని ఇది పెట్టుకుంటే ఒకే మనిషేనా అనిపిస్తుంది. దరువు వేగంగా, మొరటుగా ఉంటుంది. అరుపులుంటాయి, వెక్కిరింపులుంటాయి. అంతర్జాతీయ పేర్లేవీ లేవు. సెలీనా లేదు, అలాంటివాళ్లు ఇంకెవరూ లేరు. తోడు పాడింది ఇద్దరే, ఇద్దరూ నైజీరియా వాళ్లే. వారిలో షల్లిపొపి తన ఊరివాడే. ఇద్దరూ కలిసి చేసిన పాట పేరే ‘బెనిన్ బాయ్స్’.

నిజం చెప్పాలంటే మొదటిసారి నాకు నచ్చలేదు. రాత్రి రిలీజ్ పని ఉంటే హెడ్‌ఫోన్స్‌లో పెట్టుకున్నా. రెండో పాటకే తీసేశా. బుర్ర వేడెక్కిపోయింది. నెల తర్వాత జిమ్‌లో ఎవరో ‘ఓజెబా’ పెట్టారు, అప్పుడు దిగింది లోపలికి. ఇది కూర్చుని వినే సంగీతం కాదు, ఒళ్లు కదులుతుండగా వినాలి. అయినా ఒకటి రెండు పాటల్లో అరుపు తప్ప ట్యూన్ లేదనే నా అభిప్రాయం మారలేదు.

వ్యాపారం లెక్కలో చూస్తే ఇది తలకి మించిన పని. వంద కోట్ల స్ట్రీములు తెచ్చిన పద్ధతి చేతిలో ఉంది. మా లైన్లో అయితే నడుస్తున్న కోడ్‌ని ముట్టుకోవద్దంటారు. అదే ఏడాది మేవిన్‌లో మెజారిటీ వాటాని యూనివర్సల్ మ్యూజిక్ కొనేసింది. అలాంటి సమయంలో ‘కామ్ డౌన్ 2’ కావాలని ఎవరూ అడిగి ఉండరంటే నమ్మలేం. అతను ఇచ్చింది మాత్రం లాగోస్ వీధుల కోసం, బెనిన్ కుర్రాళ్ల కోసం చేసిన ఆల్బమ్. ‘హేస్’ గ్రామీ నామినేషన్ దాకా వెళ్లింది, బహుమతి రాలేదు. నైజీరియాలో మాత్రం ఆ ఏడాది అన్ని చోట్లా అదే మోగింది. సైతాను అన్నవాళ్ల పెళ్లిళ్లలో కూడా మోగే ఉంటుంది, నాకు అనుమానం లేదు.

2025 ఫిబ్రవరిలో ఇంకో మలుపు. ‘బేబీ’ అనే పాట. దానికి ఆధారం 1980ల నాటి షాడే పాట. లండన్‌లో పేరు తెచ్చుకున్న ఆ గాయని పుట్టింది నైజీరియాలోని ఇబాడాన్‌లో. అంటే మళ్లీ మెత్తటి గొంతుకే వచ్చాడు, కానీ పాత చుట్టరికం ఒకటి వెతుక్కుని వచ్చాడు. ఆ ఏప్రిల్‌లో అమెరికాలో కోచెల్లా వేదిక ఎక్కాడు.

ఈలోగా ఇత్తడి బొమ్మలు కొన్ని నిజంగానే ఇల్లు చేరుతున్నాయి. జర్మనీ 2022లో వందల బొమ్మల మీద హక్కుని నైజీరియాకి రాసిచ్చి, కొన్నింటిని స్వయంగా తెచ్చి అప్పగించింది. నెదర్లాండ్స్ 2025లో 119 వస్తువులు వెనక్కి ఇచ్చింది. బ్రిటిష్ మ్యూజియం దగ్గర బెనిన్‌వి 900కి పైగా ఉన్నాయి. 1963 నాటి చట్టం ప్రకారం మా సొత్తుని మేం ఇచ్చేయడానికి వీల్లేదని వాళ్లు చెబుతూ వస్తున్నారు.

లండన్‌లో ఉన్న మా వాణ్ని అడిగా, ఈసారి వెళ్తే అమరావతి ఫలకాలతో పాటు ఇంకోటి చూసి రమ్మని. కింది అంతస్తులో ఆఫ్రికా గ్యాలరీ ఉంటుంది, అక్కడ ఓ దంతపు ముఖం ఉంటుంది, టికెట్ కూడా అక్కర్లేదు అని చెప్పా. “ఎవర్రా ఆవిడ?” అన్నాడు. ‘కామ్ డౌన్’ పాడినోడి ఊరి రాజమాత అన్నా. “ఆ పాట సెలీనాది కదరా” అన్నాడు.